పదకొండు నిమిషాల సాక్ష్యం

మధ్యాహ్నం రెండు గంటల వార్తల్లో సుందర్‌రాజ్ ఫెర్రీయే మొదటి వార్త. నాలుగింటికీ అదే. ఆరింటికి మాత్రం దానికి ఎర్ర అక్షరాలు తగిలించారు: ‘నషే మే సారంగ్?’ చివర ప్రశ్నార్థకం పెట్టారు కాబట్టి తాము ఏమీ అనలేదని ఆ కేబుల్ చానల్ వాళ్ల ధైర్యం. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ద్వీపాల్లో బాంబూఫ్లాట్ నుంచి అవతలి ఒడ్డుకి బళ్లనీ మనుషుల్నీ దాటిస్తూ బోటు నడుపుతున్న సారంగు తాగి ఉన్నాడా అని టీవీవాడు అడిగితే, లేడు అని ఎవరికి తోస్తుంది?

టీవీలో చూపిస్తున్నది ఎవరో ప్రయాణికుడు ఫోనులో తీసిన ముక్క. బోటు పక్కకి ఒరిగి జెట్టీ టైర్లను రాసుకుంటుంది. రెండు స్కూటర్లు పడతాయి. ఒకావిడ మోకాలు పట్టుకుని కూర్చుంటుంది. కోడిగుడ్ల అట్టలు జారి సొన అంతా డెక్కు మీద పారుతుంది. ఆ సొన దగ్గరే ఆపి, మళ్లీ మొదటి నుంచి వేస్తున్నారు.

ఆ ముక్క తీసినవాడు ఫోను కొంచెం ఎడమకి తిప్పి ఉంటే చేపలు పట్టే యర్రయ్య డింగీ కనపడేది. పొద్దున ఎనిమిదిన్నరకి ఫెర్రీ జెట్టీకి చేరువవుతుండగా సరిగ్గా ర్యాంపు ముందు ఆ చిన్న పడవ ఇంజిను ఆగిపోయింది. అందులో యర్రయ్య, అతని బావమరిది. ఒకడు ఇంజిను తాడు లాగుతున్నాడు, ఇంకొకడు రెండు చేతులూ పైకెత్తి కేకలు వేస్తున్నాడు. సుందర్‌రాజ్ ఫుల్ స్పీడులో వెనక్కి లాగమని కింద ఇంజిను గదికి గంట కొట్టి, చుక్కాని మొత్తం కుడికి తిప్పేశాడు. ఫెర్రీ వాళ్లను చెయ్యెడు దూరంలో తప్పించుకుని జెట్టీకి కొట్టుకుంది. డింగీలో ఇద్దరికీ చొక్కా కూడా తడవలేదు. గుడ్లు మాత్రం పగిలాయి.

“పోలీసులు ఊదించారు కదా. సున్నా వచ్చింది కదా. ఆ మాట ఒక్కసారైనా చెప్పరేటి?” అంది భార్య ప్రేమావతి, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ చీటీ సుందర్‌రాజ్ చొక్కా జేబులోనే ఉంది. అరగంటలో అక్కడికక్కడే ఊదించి, మత్తు లేదని రాసి ఇచ్చారు. అతను దాన్ని అప్పటికి పదిసార్లు విప్పి చూసుకున్నాడు.

“తాగాడన్న మాట గాల్లోంచి ఊడిపడదు. ఎవడో చెప్పాడు,” అన్నాడు.

“ఎవడు చెప్తాడు డాడీ? వాళ్లే కల్పించుంటారు,” అంది కూతురు ఫేబే, ఫోనులోంచి తల ఎత్తకుండా. ఫేబే అవతలి ఒడ్డున హాడోలో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర టిక్కెట్లు రాస్తుంది.

“కల్పిస్తే దొంగతనమనొచ్చు, నిద్రపోయాడనొచ్చు. మందే ఎందుకన్నారు? నన్నెరిగినవాడే చెప్పాడు.”

ఆ క్షణం నుంచి సుందర్‌రాజ్‌కి ఎరిగినవాళ్లందరూ అనుమానితులైపోయారు.

*

మర్నాడు బుధవారం. శుక్రవారం విచారణ, అది అయ్యేదాకా డ్యూటీకి రావద్దని కాగితం వచ్చింది. అయినా అతను పొద్దున్నే జెట్టీకి వెళ్లాడు. వీల్‌హౌస్‌లో తాను చుక్కాని పట్టే చోట వేరే సారంగు నిలబడి ఉన్నాడు. టిక్కెట్ల కిటికీ దగ్గర మాట్లాడుకుంటున్న నలుగురు ఇతన్ని చూసి మాట ఆపేశారు. రోజూ “నమస్తే భయ్యా” అని అరిచే టీ కొట్టువాడు గిన్నె తోముకుంటూ తల ఎత్తలేదు. నిజానికి వాడికి ఆ గిన్నె ఎప్పుడూ అలా తోమే అలవాటే లేదు.

ఇంజిను డ్రైవరు మల్లేశు కింద నుంచి నూనె చేతులు పీచుతో తుడుచుకుంటూ పైకి వచ్చాడు. వేలు వేలుకీ మధ్య తుడిచాడు, గోళ్ల సందుల్లో తుడిచాడు. మాట్లాడాల్సి వస్తుందని తెలిసినవాడి తుడుపు అది.

“మల్లేశూ, టీవీవాళ్లు నీ దగ్గరికొచ్చారేటి?”

“వచ్చీనారు భయ్యా. నాకేటీ తెల్దన్నాను.”

“తెలీదన్నావా, తాగలేదన్నావా?”

మల్లేశు పీచు కింద పడేశాడు. “తెల్దన్నాను. ఏం చెప్తే ఏం తిప్పుతారో అని.”

“అంటే తాగాడేమో అన్నట్టే కదరా!”

“అరే, క్యా బాత్ కర్తే హో భయ్యా! నువ్వు గంట కొట్టావు, ఇంజిను వెనక్కి లాగింది నాను. నువ్వు తాగుంటే నానూ తాగినట్టే కదేటి? పదమూడేళ్ల బట్టి నీ గంట విని లీవరు లాగుతున్నాను. శుక్రవారం ఎంక్వైరీలో పిలిస్తే ఇదే చెప్తాను. నీకు నమ్మకం లేకపోతే చెప్పు, రాను.”

నమ్మకం ఉందని సుందర్‌రాజ్ అనలేకపోయాడు. తన తర్వాత ఆ చోటు కోసం సారంగు పరీక్షకి మల్లేశు కట్టబోతున్నాడని అతనికి తెలుసు. “నీ ఇష్టం” అని వచ్చేశాడు. 

ఆ సాయంత్రం ఆరింటికి టీవీలో సుందర్‌రాజ్ ముఖమే వచ్చింది. తెల్ల చొక్కా, చేతిలో మైకు, వెనక చర్చి గోడ. స్పష్టంగా, కంచు మోగినట్టు అతని గొంతే:

“నేను తాగి బోటు నడిపేవాణ్ణి! చుక్కాని పట్టుకుంటే నా చేతులు వణికేవి! రెండొందల మంది ప్రాణాలు నా వణికే చేతుల్లో!”

అక్కడితో కోసేశారు. కింద హిందీలో అక్షరాలు నడిచాయి. ఆ తర్వాత వార్తలు చదివే అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, ఇలాంటివాళ్ల చేతుల్లోనా మన ప్రాణాలు అని అడిగింది.

ప్రేమావతి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఫేబే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.  అది సుందర్‌రాజ్ పోయిన డిసెంబరులో చర్చిలో చెప్పిన సాక్ష్యం. మందు నుంచి దేవుడు ఎలా విడిపించాడో ఏటేటా అతను చెబుతాడు, ఏటేటా జనం చెవులు రిక్కించి వింటారు. ఆ గోడ దాటి ఆ మాట బయటికి ఎలా వచ్చింది?

“సంఘంలోనే ఉన్నాడు,” అన్నాడు పళ్లు నూరుతూ. “స్తోత్రం అంటూ పక్కన కూర్చునే నా గొంతు కోశాడు.”

*

సంఘంలో వీడియోలు తీసేది టైటస్ ఒక్కడే. బాంబూఫ్లాట్ బజార్లో అతనిది ఫోన్లు బాగుచేసే కొట్టు. గురువారం పొద్దున సుందర్‌రాజ్ వెళ్లేసరికి అతను కంటికి అద్దం తగిలించుకుని, సముద్రంలో పడిన ఫోను ఒకటి విప్పి, పళ్లు తోముకునే బ్రష్షుతో ఉప్పు గీకుతున్నాడు.

“ప్రైజ్ ద లార్డ్ అన్నా,” అన్నాడు అద్దం తియ్యకుండానే.

“ఆ వీడియో ఎవడికిచ్చావు?”

“నీకొస్తదని తెలుసన్నా ఈ అనుమానం. రాత్రంతా అనుకుంటానే ఉన్నాను. యూట్యూబులో పెట్టలేదు. గ్రూపులో పెట్టలేదు. పాస్టర్ గారికిచ్చాను, మీ ఫేబేకిచ్చాను. బస్.”

“పాస్టర్ గారికా?”

ఆ రెండు మాటలు అన్న తీరుకి టైటస్ అద్దం తీసి అతని ముఖంలోకి చూశాడు. “ఒద్దన్నా. అంత దూరం పోవద్దు. కోసింది చానలోడు కదా, వాణ్ణే అడగరాదా?”

నిన్న సుందర్‌రాజ్ మనసులో మల్లేశు దోషి, ఇవాళ పొద్దున టైటస్ దోషి, ఇప్పుడు పాస్టర్ గారి వంతు వచ్చింది. రెండేళ్ల క్రితం పెంతెకోస్తు పండగ ఏర్పాట్ల దగ్గర పాస్టర్ గారితో వచ్చిన చిన్న మాటతేడా కూడా అతనికి గుర్తొచ్చింది. మనిషికి అనుమానం పట్టుకుంటే ఎంత పాత సంగతినైనా తవ్వి తీస్తాడు. ఆ పేరు చానల్‌వాడి నోటే చెప్పించాలని అతను ఆ మధ్యాహ్నమే, తన ఫెర్రీలోనే, మామూలు ప్రయాణికుడిలా ఒక మూల నిలబడి అవతలికి దాటాడు.

చానల్ ఆఫీసు హాడోలో, ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద రెండు గదులు. విలేకరి గోపినాథ్ ముప్పై ఏళ్లవాడు, ద్వీపాల్లోనే పుట్టిన తెలుగువాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం చదవలేడు. ఇతన్ని చూడగానే లేచి కుర్చీ వేశాడు. అంత మర్యాద చేసేసరికి సుందర్‌రాజ్‌కి కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

“చూడు. సున్నా. ఇది ఎందుకు వెయ్యవు?”

“తాగలేదంటే వార్తేముంది అంకుల్? ఈ ఊళ్లో లక్షమంది తాగకుండా పనికెళ్తున్నారు.”

“పడవలో ఇద్దరు మనుషులు బతికారు. అది?”

“బతికారు కదా. పోయుంటే వేసేవాణ్ణి,” అన్నాడు గోపినాథ్. అందులో వెటకారం లేదు. అంగట్లో ఏ సరుకు అమ్ముడుపోతుందో చెబుతున్నట్టు చెప్పాడు. “మీకు కోపమొస్తది గానీ, నేను వేసి చూశాను అంకుల్. రక్తదానం వేశాను, ఫస్టు ర్యాంకులు వేశాను. ఛానల్ మార్చీస్తారు. మీ గుడ్లు పగిలింది మాత్రం ఊరంతా మూడుసార్లు చూసింది.”

“నా సాక్ష్యం సగం కోసి వేశావు.”

“సగమా?” గోపినాథ్ ఫోను తీశాడు. “మీ వీడియో మొత్తం పదకొండు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు మందే. దేవుడు ఆఖరి రెండు నిమిషాల్లో వస్తాడు. నేను ఇరవై సెకన్లే తీసుకున్నాను. మందు సంగతి మీరే నాకంటే ఎక్కువసేపు చెప్పారు.”

సుందర్‌రాజ్ బల్ల మీది చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వచ్చిన పని అడిగాడు.

“ఇది నీకిచ్చింది ఎవరు?”

“పేర్లు చెప్పం అంకుల్.”

“చెప్పకపోతే ఇక్కడే కూర్చుంటాను.”

గోపినాథ్ అతని ముఖం వంక చూశాడు, తలుపు వంక చూశాడు. ఆ తర్వాత ఫోను బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టి, తాను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మంగళవారం రాత్రి, ఆ ఎర్ర అక్షరాలు వేశాక వచ్చిన మెసేజి. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. ‘సర్, దయచేసి ఈ వీడియో మొత్తం చూడండి. మా డాడీ తొమ్మిదేళ్లుగా మందు ముట్టలేదు. ఇది చూస్తే మీకే తెలుస్తుంది.’ పైన నంబరు. ఆ నంబరు సుందర్‌రాజ్‌కి నోటికి వచ్చు.

*

ఇంటికి వచ్చేసరికి ప్రేమావతి పెరటి అరుగు మీద కత్తిపీట వేసుకుని సురమయి చేప కోస్తోంది. ఎవరిచ్చారంటే, యర్రయ్య తెచ్చి ఇచ్చి వెళ్లాడంది. శుక్రవారం విచారణకి తానూ వస్తానని చెప్పాడట. ఫేబే గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రి ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

“మొత్తం చూడమని రాశాను డాడీ,” అంది.  “మొత్తం చూస్తే మీరెంత మంచోళ్లో తెలుస్తదనుకున్నాను. మొదటి ముక్క దగ్గరే ఆపీస్తారని నాకేం తెలుసు?”

తిట్టాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నవాడు మెట్టు మీద కూలబడ్డాడు.

“రేపు ఆఫీసరు అడుగుతాడు,” అన్నాడు. “మొన్న తాగలేదు సరే, తొమ్మిదేళ్ల కిందట డ్యూటీలో తాగానని నీ నోటితో నువ్వే చెప్పావు కదా అంటాడు. దానికి కూడా ఉద్యోగం పోతుంది. రెండేళ్లలో రిటైరు అవ్వాల్సినవాణ్ణి, పెన్షన్ లేకుండా పంపిస్తారు.”

“మరి చెప్పండి, ఏ రోజు తాగి డ్యూటీకెళ్లారు మీరు?” అంది ప్రేమావతి.

ఆమె కత్తి ఆపలేదు. ముక్క మీద ముక్క గిన్నెలో పడుతోంది.

“శనివారం సాయంత్రం ఇంట్లో తాగేవోరు. నన్ను ఏడిపించేవోరు. ఆదివారం పడుకునేవోరు. సోమవారం స్నానం చేసి, సబ్బు వాసనతో ఎళ్లేవోరు. మొదటి ఏడు సాక్ష్యం అదే చెప్పారు. మూడు నిమిషాలు. ఎవులూ పెద్దగా ఇనలేదు. రెండో ఏడు అందులోకి బోటు వచ్చింది. చేతులు వణకడం నాలుగో ఏడు వచ్చింది. ఒక పిల్ల నీళ్లల్లో పడబోతే దేవదూత పట్టుకోడం మొన్నటేడు కొత్తది.”

ఫేబే తల్లి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూసింది. “అమ్మా, అదంతా...”

“నాకెందుకులే అని ఊరుకున్నాను. జనం ఏడుస్తన్నారు, స్తోత్రాలంటన్నారు. నలుగురు మందు మానీసారు కూడానూ.”

 మూడు నిమిషాల సాక్ష్యం చెప్పిన రోజు జనం ఫ్యాన్ల వంక చూడటం సుందర్‌రాజ్‌కి బాగా గుర్తుంది. బోటు అన్న మాట వచ్చిన రోజు వెనక వరసల్లో వాళ్లు కూడా ముందుకి వంగారు. ఆ వంగడం చూసి తనకి ఎంత సంతోషం కలిగిందో కూడా గుర్తుంది. తొమ్మిదేళ్లుగా మందు లేకుండా గడిపిన ఒక్కొక్క మామూలు రోజు గురించీ అతను ఒక్క నిమిషం కూడా చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందని?

“నిజమని ఒప్పుకుంటే ఉద్యోగం పోద్ది,” అన్నాడు. “అబద్ధమంటే, దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధమాడినోణ్ణవుతాను. ఇంకెప్పుడూ సంఘంలో తలెత్తలేను.”

ప్రేమావతి గిన్నె తీసుకుని లేచింది. “రెండోది నిజం కదా. అదే చెప్పండి,” అని లోపలికి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పదకొండింటికి విచారణ. బల్ల వెనక విచారణ చేసే కెప్టెన్ సాబ్, పక్కన టైపు చేసే గుమాస్తా. మల్లేశు ఉతికిన యూనిఫాం వేసుకుని వచ్చి, గంట ఎప్పుడు విన్నాడో, లీవరు ఎప్పుడు లాగాడో సెకన్లతో సహా చెప్పాడు. బయటికి పోతూ సుందర్‌రాజ్ వంక చూడలేదు. యర్రయ్య వచ్చి, సాబ్ చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకూడదని గ్రహించి, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. చీటీ చూశారు. ప్రతి ట్రిప్పూ రాసిపెట్టే లాగ్ పుస్తకాలు చూశారు. అంతా సరిగానే నడిచింది. ఆ తర్వాత కెప్టెన్ సాబ్ ఫోనులో ఆ ఇరవై సెకన్లూ వినిపించాడు.

“యే ఆప్ హీ హై?”

“నేనే సాబ్.”

“డ్యూటీలో తాగేవారా?”

గుమాస్తా వేళ్లు కీల మీద ఆగి ఉన్నాయి.

“ఝూట్ హై, సాబ్.”

“టీవీవాళ్లు అబద్ధం చెప్పారా?”

అవునంటే సరిపోతుంది. మిషన్లతో గొంతులు కూడా మార్చేస్తున్నారని చెప్పమని నిన్న దారిలో ఎవరో సలహా కూడా ఇచ్చారు. సుందర్‌రాజ్ రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టాడు.

“వాళ్లు కాదు సాబ్. నేను చెప్పాను. చర్చిలో. నేను ఇంట్లోనే తాగేవాణ్ణి. బోటులో ఒక్క రోజు తాగలేదు. వినేవాళ్లకి బాగుంటుందని కలిపాను.”

కెప్టెన్ సాబ్ ముప్పై ఏళ్ల సర్వీసులో తాగి తాగలేదన్నవాళ్లను ఎందరినో చూసి ఉంటాడు, తాగకుండా తాగానన్నవాణ్ణి చూడటం అదే మొదటిసారి. “ఇరవై తొమ్మిదేళ్లలో మీ మీద ఒక్క రిపోర్టు లేదు. లేకపోతే ఈ మాట నేను నమ్మేవాణ్ణి కాదు,” అన్నాడు. చివరికి, “లిఖో,” అన్నాడు గుమాస్తాతో. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు.

మల్లేశు మెట్ల కింద బీడీ కాలుస్తున్నాడు. సుందర్‌రాజ్ దగ్గరికి వెళ్లి, “తప్పయిపోయిందిరా,” అన్నాడు. మల్లేశు బీడీ ఆర్పి, “సోమవారం ఫస్టు ట్రిప్పు మనదే, టైముకి రా,” అని వెళ్లిపోయాడు.

గేటు దగ్గర గోపినాథ్ కెమెరాతో కాచుకుని ఉన్నాడు.

“క్లియర్ అయిపోయిందంట కదా అంకుల్. సంతోషం.”

“వేస్తావా మరి?”

“చివర్లో ఒక లైను చదివిస్తాను,” అని గోపినాథ్ మొహమాటంగా గడ్డం గోక్కున్నాడు. “చర్చిలో చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నారంట కదా. అది మాత్రం ఏడింటికి హెడ్‌లైన్ అవుతుంది. మీరు ఏదైనా చెప్తారా?”

మూసిన తలుపు వెనక పది నిమిషాల కిందట అన్న మాట ఇతని దాకా ఎవరు తెచ్చారు? నిన్నటి సుందర్‌రాజ్ అయితే గుమాస్తా దగ్గర మొదలుపెట్టి అందరినీ వెతికేవాడు. ఇవాళ అడగలేదు.

“నీకు కాదు, చెప్పాల్సినవాళ్లకి చెప్తాను,” అని జెట్టీ వైపు నడిచాడు.

*

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిదున్నరకి. సుందర్‌రాజ్ నిర్దోషిగా బయటపడ్డాడన్న సంగతి అప్పటికే తెలిసి, మామూలుగా పాతికమంది వచ్చేచోట అరవైమంది వచ్చారు. ఇంత పెద్ద శోధనలోంచి గట్టెక్కినవాడి సాక్ష్యం ఎలా ఉంటుందో అని అందరి ముఖాల్లోనూ ఆత్రం. టైటస్ ఫోనుని స్టాండుకి బిగించాడు. పాస్టర్ గారు చిరునవ్వుతో మైకు ఇచ్చారు.

సుందర్‌రాజ్ మైకు తీసుకుని, బల్ల మీద పెట్టేశాడు.

“ఇంకో గంటలో టీవీలో నా గురించి ఒక వార్త వస్తాది. అది నిజమే. మీరు నా నోటితో ముందు ఇనాలని వచ్చాను.”

జనం ముందుకి వంగారు. అలవాటైన ఆ వంగడాన్ని అతను గుర్తుపట్టాడు. అయినా చెప్పాడు. బోటులో ఎన్నడూ తాగలేదన్నాడు. చేతులు వణకలేదన్నాడు. నీళ్లలో పడబోయిన పిల్ల లేదు, దేవదూత లేడు అన్నాడు. శనివారాలు తాగి ప్రేమావతిని ఏడిపించడం ఒక్కటే నిజమనీ, అది మాత్రం ఎన్నడూ గట్టిగా చెప్పలేదనీ అన్నాడు. దేవుడి ఇంట్లో అబద్ధమాడినందుకు క్షమించమన్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. వంగినవాళ్లు మెల్లగా వెనక్కి జరిగారు.

ఎవరూ స్తోత్రం అనలేదు. టైటస్ చెయ్యి చాపి ఫోను ఆపేశాడు. రెండో వరసలో ఇద్దరు ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. అతని సాక్ష్యం విని మందు మానేసిన ఒకతను లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. సుందర్‌రాజ్ అతన్ని గుమ్మం దాటేదాకా చూశాడు. ఉద్యోగం పోయి ఉన్నా ఇంత నొప్పి కలిగేది కాదేమో.

“ఇంకెవరైనా సాక్ష్యం?” అన్నారు పాస్టర్ గారు, గొంతు సవరించుకుని.

 మొసలి నోట్లోంచి బయటపడ్డ సంగతి ఏటా చెప్పే టైటస్ వైపు నలుగురి తలలు తిరిగాయి. టైటస్ స్టాండు మరలు బిగించుకుంటూ కూర్చున్నాడు. డాక్టర్లు వదిలేశారని చెప్పేవాళ్లు, కలలో వెలుగు చూశామనేవాళ్లు, ఎవరి పాటల పుస్తకంలోకి వాళ్లు చూసుకున్నారు. పక్కవాళ్ల పుస్తకంలోకి ఓరకంట చూసినవాళ్లూ ఉన్నారు.

చాలాసేపటికి వెనక నుంచి మహాలక్ష్మమ్మ లేచింది. తుష్నాబాద్ నుంచి బస్సు మీద వచ్చే ముసలమ్మ. పేరు మార్చుకోమని ముగ్గురు పాస్టర్లు చెప్పినా మార్చుకోలేదు, సాక్ష్యం చెప్పమంటే ఎన్నడూ లేవలేదు.

“నాకు ఈ వారం ఏటీ అవలేదు నాయినా,” అంది. “బెండకాయలు కాసాయి. బస్సు టైముకొచ్చింది. మోకాలు నొప్పి అలాగే ఉంది. అందరం తిన్నాం, పడుకున్నాం, లేచాం. దేవుడికి స్తోత్రం.”

అసలు సంగతి ఇక వస్తుందని జనం కాసేపు ఎదురుచూశారు. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది.

“ఆమేన్,” అన్నాడు సుందర్‌రాజ్. అతని గొంతు ఒక్కటే వినపడింది. అటు ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో ఆమేన్ వచ్చింది. అది ప్రేమావతిది.